కుర్చీ చీటీకి ముడి

జెనోవా, 1997 మే 4

అక్కా,

ఆదివారం ఉత్తరం ఏదని వెనేరా అత్త కేకలు వెయ్యకముందే కూర్చున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటుంది నీ మరదలు ఓర్నెల్లా. మన దీవిలో ఫోను ఉన్నది పీనా కొట్టులోనని, నువ్వు హలో అనేలోపే చేపలు బేరమాడేవాళ్లంతా చెవులు రిక్కిస్తారని ఈ పట్నం పిల్లకేం తెలుసు. పైగా అత్త మాట ఉండనే ఉంది: ఫోన్‌లో అబద్ధం జారిపోతుంది, కాగితం మీద ఆగిపోతుంది. అమ్మ పోయాక మనిద్దర్నీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఓడ మీదున్న నాన్నకి వారం వారం రాయించింది ఆ మాట చెప్పే కదా.

పాప బాగుంది. వెనేరా అని పిలిస్తే తల తిప్పుతోంది. పేరుతోపాటు అత్త మొండితనం కూడా వచ్చింది, పాలసీసా వద్దంటే వద్దే.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. పెద్ద ఓడల్లో షికారుకొచ్చే వాళ్లలో నడవలేని ముసలివాళ్లు బోలెడంత మంది. వాళ్లని చక్రాల కుర్చీల్లో తోసుకెళ్లడం మా పని. రెండు జట్లుగా చేస్తాం. వంతెన జట్టు ఓడకి వేసిన వంతెన మీంచి దించి, రేవు గోడ దగ్గర వరసగా నిలబెడుతుంది. హాలు జట్టు అక్కణ్ణుంచి లిఫ్టులో ఎక్కించి గేటు బయటికి చేరుస్తుంది. నేను వంతెన జట్టు. జీతం ఇంటద్దెకి పోతుంది. మిగతా బతుకంతా టిప్పుల మీదే.

నేనొచ్చాక ఒక పద్ధతి పెట్టాను, నవ్వకు. ప్రతి కుర్చీకీ దారంతో ఒక చీటీ వేలాడుతుంది, గది నంబరుతో. దించినవాడి చేతిలో ఏమీ పెట్టకపోతే ఆ దారానికి ఒక ముడి వేసేస్తాం. అది హాలు జట్టుకి కబురు: ఈ మనిషి ఎంగిలి చేత్తో కాకిని తోలడు, తొందరపడక్కర్లేదు అని. ముడి లేని కుర్చీలు ముందు కదులుతాయి, ముడి ఉన్నవి అన్నిటికన్నా చివర. ఆఫీసువాళ్లకి ఇప్పటికీ తెలీదు. బాచిచ్చా అని నా జతగాడు, "ఒరే ఉప్పోడా, నువ్వు చదువుకునుంటే మంత్రివయ్యేవాడివిరా" అన్నాడు. ఇక్కడ నన్ను జేసువాల్దో అనేవాడు ఒక్కడూ లేడు. మన కొండ మీది పూమొగ్గలు ఉప్పులో ఊరేసి నువ్విచ్చిన ఉప్పుమొగ్గల సీసా మొదటిరోజు భోజనంలో విప్పాను, ఆ పూట నుంచీ ఉప్పోణ్ణే.

బావకి చెప్పు, వలలు కుట్టే నైలాను దారం పంపిస్తాను.

నీ తమ్ముడు


మారెత్తిమో, 1997 మే 18

ఒరే జేసువాల్దో,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపిస్తూ సగంలో ఆపేశాను. ఆవిడ కళ్లలో పొర కమ్మాక నేనే చదవాలి కదా. "తర్వాతేమైందే?" అంది. పాపకి పళ్లొస్తున్నాయట అని చెప్పి మడిచేశాను. నా చేత అబద్ధం ఆడించావు.

చెయ్యి చాచే బతుకు మన ఇంట్లో ఎవరు బతికార్రా? మునిగే పడవలోంచి మనుషుల్ని లాగినందుకు ఎవరో ఉంగరం ఇస్తే నాన్న వెనక్కిచ్చాడు. ఆ కథ చెప్పుకునే అత్త ఈ దీవిలో తలెత్తుకు తిరిగింది. నువ్వు ముసలివాళ్ల చేతి సంచుల వంక చూస్తూ నిలబడుతున్నావా?

అదైనా కూటికోసం అనుకుంటాను. ఆ ముడేమిటి? కాళ్లులేనివాళ్లని ఎండబెట్టడం తెలివా? అత్త మోకాళ్లు పూర్తిగా పోయాయి, చర్చి వాళ్లిచ్చిన కుర్చీలోనే తిప్పుతున్నాం. రేపు ఆ కుర్చీకి ఎవడో ముడేస్తే నీకెలా ఉంటుంది?

ఈ పని మార్చు, లేదా ఈ బుద్ధి మార్చు. అప్పటిదాకా నీ ఉత్తరాలు అత్తకి చదవను.

నీన్ఫా


జెనోవా, 1997 జూన్ 1

అక్కా,

నీ తిట్లు తిన్నాను, అరిగించుకున్నాను. నువ్వన్నదే నిజం. టిప్పు తీసుకోవడం మానేశాను. నేనే కాదు, మా జట్టంతా మానేసింది. ఎవరైనా ఇవ్వబోతే మర్యాదగా వద్దంటున్నాం. ముడి సంగతి కూడా అయిపోయింది. జీతం కొంచెం పెంచుతామన్నారు.

ఇది అత్తకి ధైర్యంగా చదువు. పాపకి తోపుడుబండి కొన్నాను, జర్మనీది, చక్రాలు అసలు చప్పుడే చెయ్యవు. ఎక్కువ రాయలేను, ఓర్నెల్లా పిలుస్తోంది.

తమ్ముడు


మారెత్తిమో, 1997 జూన్ 15

నా బంగారు తమ్ముడూ,

అత్తకి చదివాను. రెండుసార్లు చదివించుకుంది. "మా అన్న రక్తమే అది" అని నేను తప్ప ఎవరూ లేని గదిలోనే గట్టిగా అంది. ఆ సాయంత్రం చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పింది. కోన్చెత్తా ముసల్ది, "టిప్పు వద్దనే రేవు కూలివాణ్ణి చూడ్డానికి నేనూ జెనోవా వస్తానే" అని వెక్కిరించింది. అత్త ఊరుకుంటుందా? "నీ కొడుకు చెయ్యి చాచకపోతే వంట్లో బాగాలేదనుకుంటారు ఊళ్లో" అంది.

అసలు కబురు వినుకో. చర్చి ఆడవాళ్లు పాలెర్మోలో ఓడెక్కి వారం రోజుల యాత్రకి వెళ్తున్నారు. ఒకావిడ తుంటి విరగ్గొట్టుకుంది, ఆ చోటు అత్తకిచ్చారు. జూలై పదిహేడు ఉదయం ఓడ జెనోవాలో ఆగి సాయంత్రం కదులుతుంది. మిగతావాళ్లు బస్సెక్కి ఊరు చూస్తారట. అత్తకి ఊరేం పని? "నా పేరున్న పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడు నలుగురిలో ఎలా నిలబడ్డాడో చూసి వస్తాను, ఆ తర్వాత కళ్లు పూర్తిగా పోయినా పర్లేదు" అంటోంది. డాక్టరు శీతాకాలం దాకా చూపు ఆగదన్నాడు. గుండె కూడా బలహీనమే, ఎండలో తిప్పొద్దన్నాడు.

ఈ ఒక్క కోరిక తీర్చాలిరా మనిద్దరం.

నీ అక్క


జెనోవా, 1997 జూన్ 29

అక్కా,

నీ కబురుకి ఎగిరి గంతేశాను. ఓర్నెల్లా ఇప్పటినుంచే తులసాకు పచ్చడి రుబ్బడం సాధన చేస్తోంది, అత్త వంకపెట్టకూడదని. పాపకి తెల్ల గౌను కొన్నాం.

ఆ రోజు సెలవు పెట్టాను. గేటు బయట పాపని ఎత్తుకుని నిలబడతాను. మా జట్టువాళ్లు దించుతారు, హాలువాళ్లు తెచ్చి నా చేతుల్లో పెడతారు. లోపలికి నేను రాను, పనిలేని రోజు రానివ్వరు.

ఒక్కటి అత్తకి గట్టిగా చెప్పు. లోపల నా పేరు ఎత్తొద్దను. నేను జేసువాల్దో అత్తనని ఎవరితోనూ అనొద్దను. మనవాళ్లకి విడిగా మర్యాద చేయించుకున్నాడని కంపెనీలో అంటారు. అత్తకి తెలుసు కదా అలాంటి మాటలు నాకు పడవని. ఆవిడ నోరు తెరిస్తే నా చిన్నప్పటి కథలన్నీ చెబుతుంది, వాళ్లూ ఏవేవో చెబుతారు, అదంతా ఎందుకు. బుద్ధిగా కూర్చుంటే చాలు, అన్నీ అవే జరిగిపోతాయి.

ఎండకి టోపీ పెట్టుకోమను.

తమ్ముడు


మారెత్తిమో, 1997 జూలై 13

తమ్ముడూ,

అత్తని నిన్ననే పడవెక్కించాం, గాలి తిరగబోతోందని ముందుగా. బావ పాలెర్మో దాకా వెళ్లి ఓడ దగ్గర దింపి వస్తాడు. గాలి నిజంగానే తిరిగింది. టపా పడవ ఆగిపోయింది, ఈ ఉత్తరం అత్తకన్నా వెనకే వస్తుందేమో.

నీ మాట చెప్పాను. "వాడి పేరు చెప్పుకోడానికే కదే నేను వెళ్లేది" అని మొహం ముడుచుకుంది. తర్వాత, "సరే, వాడి పరువు కన్నా నా సరదా ఎక్కువా" అని ఒప్పుకుంది.

ఇంకో పెద్ద గొడవ అయింది. పీనా కొట్లో నోటు మార్పించి చిల్లర రుమాల్లో మూటకట్టుకుంది, కుర్చీ తోసే పిల్లలకివ్వాలట. "తోసేవాడికి కాఫీ ఖర్చయినా ఇవ్వకపోతే కుర్చీలో కూర్చోడానికి నాకు మొహం చెల్లదు" అంది. నేను మూట లాక్కున్నాను. "నీ మేనల్లుడి జట్టు అది. వద్దనుకున్నవాళ్లకి ఇవ్వబోతే వాణ్ణి అవమానించినట్టు కాదా?" అన్నాను. అప్పుడు ఊరుకుంది. ఎవరికీ ఏమీ ఇవ్వనని నా చేతిలో చెయ్యేసింది. మాటిస్తే తప్పదు కదా మన అత్త.

ఉప్పుమొగ్గలు, అంజూరపు బిళ్లలు పంపాను. పాప ఒళ్లో కూర్చున్నప్పుడు ఫోటో తియ్యి.

నీన్ఫా


జెనోవా, 1997 జూలై 17, సాయంత్రం

అక్కా,

అత్తని ఎందుకు పంపలేదు? పంపకపోతే పంపలేదు, ఒక కబురైనా చెయ్యొద్దా? పీనా కొట్లో ఫోను ఉందిగా, ఊరంతా వింటే విన్నారు.

పొద్దుట్నుంచీ గేటు బయట నిలబడ్డాం ముగ్గురం. కోటు వేసుకున్నాను ఆ ఎండలో, అత్తకి కనపడాలని. కుర్చీలు ఒక్కొక్కటే వచ్చాయి, ప్రతి మొహం వంగి చూశాను. ఆఖరికి కాపలావాణ్ణి అడిగితే, "కుర్చీలన్నీ వచ్చేశాయిగా, ఇంకో ఓడ కూడా రేవుకొచ్చింది" అన్నాడు. లోపలికెళ్లి చూడమని ఓర్నెల్లా పోరు పెట్టింది. చూడ్డానికేముంది, అన్నీ వచ్చేశాయని వాడే చెబుతుంటే. కోటేసుకుని జట్టువాళ్ల ముందుకి వెళ్లి మా అత్త ఏదని అడగడం నాకిష్టం లేకపోయింది.

మధ్యలో ఒక అంబులెన్సు వచ్చింది. పాప బండి పక్కకి లాగి దారిచ్చాం. పాప ఆ మోతకి ఏడుపు లంకించుకుంది, ఇక ఇంటికొచ్చేశాం. వండినదంతా అలాగే ఉంది.

నేను రేవు కూలివాణ్ణని నీకు ఇంకా నామోషీనే, అదీ సంగతి. అత్త నన్ను ఈ పనిలో చూడకూడదని నువ్వే ఆపావు. సరే, కానీ.

జేసువాల్దో


జెనోవా, 1997 జూలై 22

అక్కా,

ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నేనేమీ చెప్పలేకపోయాను. వెనక చేపలవాళ్ల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. పదిహేడున రాసిన ఉత్తరం వస్తే చదవకుండా పొయ్యిలో పడెయ్యి.

మర్నాడు పనిలోకి వెళ్లగానే బాచిచ్చా సిగరెట్ ముట్టిస్తూ అన్నాడు. "నిన్న నువ్వు లేవుగా, పెద్ద రభస అయింది. ఒక సిసిలీ ముసల్ది గోడ దగ్గర సొమ్మసిల్లింది. నేనే దించాను. దారంతా నా చెయ్యి నిమురుతూ దేవుడు చల్లగా చూడాలి నాయనా అంది గానీ చిల్లిగవ్వ రాల్చలేదు. ముడేశాను. ఇంతలో రెండో ఓడొచ్చింది, హాలువాళ్లంతా అటు పరిగెత్తారు. ఊడ్చే మనిషి చూసేదాకా ఎవరికీ గుర్తే లేదు."

పేరేమిటని అడిగాను. "ఎవరికి గుర్తురా, ఒడిలో ఏదో సీసా పెట్టుకుంది" అన్నాడు. ఉప్పుమొగ్గల సీసా.

ఆసుపత్రికి పరిగెత్తాను. మొహమంతా ఎర్రగా కందిపోయింది, పెదాలు పగిలాయి. నా గొంతు గుర్తుపట్టింది.

"వచ్చావా నాన్నా. సెలవు పాడైంది నీకు."

"అంతసేపు అలా ఎందుకు కూర్చున్నావత్తా? కేకెయ్యొచ్చు కదా?"

"నోరు మూసుకుని కూర్చోమన్నావు కదరా. మంచి పిల్లలే, తొందరపెట్టలేదు. నీడలోనే ఉంచారు. నీడ జరిగిపోతే వాళ్లేం చేస్తారు?"

"నా పేరైనా చెప్పాల్సింది."

"చివరికి చెప్పాన్రా, ఓపలేక. కోప్పడకు. ఒకబ్బాయి వెళ్తుంటే జేసువాల్దోని పిలవమన్నాను. అలాంటి పేరుగలవాడు ఇక్కడెవడూ లేడు మామ్మా అన్నాడు."

మళ్లీ అంది: "చెయ్యి ఊరుకోలేదు. ఏదో ఒకటి చేతిలో పెడదామని జేబు తడిమాను. నీన్ఫా మూట లాక్కుంది కదా. మంచిదే అయింది, నీ స్నేహితుల్ని అవమానించలేదు."

నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మేం తీసుకుంటామత్తా, అందరం తీసుకుంటాం, నేనూ తీసుకుంటాను అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పాపని లోపలికి రానివ్వలేదు నర్సు. ఓర్నెల్లా అద్దాల తలుపు అవతల తెల్ల గౌనులో ఎత్తి చూపించింది. అత్త అటు తిరిగి నవ్వింది. తలుపుకి ఎంతో పక్కగా చూసి నవ్వింది అక్కా. శనివారం పోయింది.

నువ్వు అడక్కముందే చెబుతున్నాను. నేనేదీ మానలేదు. జట్టు మానలేదు, జీతం పెరగలేదు. నీ నోరు మూయించడానికి రాశాను. నీ పదమూడో తారీకు ఉత్తరం నిన్న వచ్చింది. మూట సంగతి చదివాక అన్నం సహించడం లేదు. బాచిచ్చాకి నిజం చెప్పాను. "నువ్వు నేర్పినట్టే వేశానురా" అన్నాడు.

జేసువాల్దో


మారెత్తిమో, 1997 ఆగస్టు 3

జేసువాల్దో,

నీ ఉత్తరాలు రెండూ ఒకే పడవలో వచ్చాయి. పొయ్యిలో పడెయ్యమన్నది ముందు విప్పాను. నాకు నామోషీ అట. అదీ చదివాను.

అత్తని నాన్న పక్కనే పెట్టాం. ఊరంతా వచ్చింది. కోన్చెత్తా నా చెయ్యి పట్టుకుని, "వెక్కిరించానే కానీ మీ తమ్ముడు మీ నాన్న పోలికే" అంది. అవునన్నాను. ఏం చెప్పమంటావు మరి?

రుమాలు మూట నా అలమరలో ఉంది. విప్పలేను, పారెయ్యలేను. ఆవిడకి తెలిసిన మర్యాద ఆవిణ్ణి చెయ్యనిస్తే బతికుండేది. ఇవ్వాళకి ఒళ్లో నీ కూతురు ఆడుకునేది. అది లాక్కున్నది నా చేతులు. నీ అబద్ధం నమ్మి లాక్కున్నాను. ఎవరి పాపం ఎంతో తూచే ఓపిక నాకు లేదు.

బావ మాట్లాడమంటున్నాడు నీతో. నాకు నీ చేతిరాత చూడాలనే లేదు. ఏది నిజమో ఏది కాదో ఇక వెతుక్కోలేను. ఆదివారాలు రాయకు.

నీన్ఫా


జెనోవా, 1997 ఆగస్టు 17

అక్కా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటి రాసి ఆపుతాను. చదవకపోయినా నీ అలమర్లో, ఆ మూట పక్కన పెట్టు.

కంపెనీవాళ్లు వయసు, ఎండ, గుండె అని రాసుకుని మూసేశారు. ముడి ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే పన్నెండు ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది, నాదీ అందులో ఒకటి. జట్టువాళ్లు మాత్రం ముడెయ్యడం వాళ్లంతట వాళ్లే మానేశారు. కొన్నాళ్లు దారాలన్నీ తిన్నగా వేలాడాయి. బాచిచ్చా నాతో భోజనానికి కూర్చోవడం లేదు.

నిన్న ఒక ముసలాయన్ని దించాను. త్రియెస్తెలో బడిపంతులుగా చేశాడట. వంతెన పొడవునా భార్య గురించే చెప్పాడు, పోయిన ఏడాది ఇదే ఓడలో ఇద్దరూ వచ్చారట. గోడ దగ్గర నిలబెట్టాను. మెల్లగా టోపీ సర్దుకుని, "చాలా శ్రమ ఇచ్చాను బాబూ" అన్నాడు. అంతే. ఏమీ ఇవ్వలేదు.

నేను వెనక్కి తిరగబోయాను. నా వేళ్లు దారం మీద ఉన్నాయి అక్కా. నాకు తెలీకుండానే ముడి సగం పడింది. అత్తని పూడ్చి నెల కాలేదు.

గోళ్లతో లాగి విప్పాను. తొందరగా ఊడి రాలేదు. ఏమైందని ఆయన వెనక్కి చూస్తున్నాడు. హాలువాళ్ల కోసం ఆగకుండా నేనే కుర్చీ తిప్పుకుని లిఫ్టెక్కించి గేటు దాకా తోశాను. వంతెన మీద నా వంతు కుర్చీలు ఆగిపోయాయి, మేస్త్రీ అందరి ముందూ నానా మాటలన్నాడు.

గేటు దగ్గర, అత్త కోసం నేను కోటేసుకుని నిలబడిన చోటే, ఆయన లోపలి జేబులోంచి మడిచిన నోటు తీసి నా చేతిలో పెట్టాడు. మధ్యలో ఇస్తే పని అక్కడితో చాలన్నట్టు ఉంటుందని, మర్యాద కాదని, ఇంటి గడప దగ్గరే ఇవ్వాలని వాళ్లావిడ అనేదట. అందుకే ఆగాడట. అలాంటివాళ్లకి ఇన్నాళ్లూ ఎన్ని ముడులు వేశానో నాకే తెలీదు.

కాగితం మీద అబద్ధం ఆగిపోతుందంది అత్త. అందుకే ఇది ఫోన్‌లో చెప్పకుండా రాస్తున్నాను. పాపకి పాలడబ్బా అయిపోయింది, అద్దె కట్టాల్సిన రోజు దగ్గరపడింది. వద్దనాలనే అనుకున్నాను. ఆ నోటు తీసుకున్నాను అక్కా.

జేసువాల్దో